ఎర్రబీడులో మూడు గడ్డిముడులు

ఆ గడ్డిముడిని వెన్ యూచిన్ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని ఎవరూ చెప్పనక్కరలేదు. లీ జాతివాళ్లలో నడక నేర్చిన పిల్లకి కూడా అది తెలుసు.

మోకాలెత్తు పుల్ల. దాని చివర పిడికెడు గడ్డి, మెలితిప్పి వేసిన ముడి. అడవిలో తేనెపట్టు కనిపించినా, పడవకి పనికొచ్చే మాను కనిపించినా, చూసినవాడు పక్కన అలాంటిదొకటి పాతి తన దారిన పోతాడు. దీన్ని ముందు చూసింది నేను, ఇది నాది అని దాని అర్థం. ఏడాది గడిచినా మరొకడు ఆ పట్టు మీద చెయ్యి వెయ్యడు. తలుపులకి గొళ్లేలు లేని రోజుల నుంచీ ఆ ఊళ్లలో నడుస్తున్న కట్టుబాటు అది.

కానీ ఎర్రబీడులో తేనెపట్టు లేదు. మాను లేదు. ఎర్రమట్టి, ముళ్లపొదలు, నడుం ఎత్తున ఎండిన గడ్డి, అంతే. ఒక పొద చుట్టూ ఎవరో మూడు ముడులు పాతారు. ఆ పొదకింద ఏముందో ఊళ్లో తనకి తప్ప ఎవరికీ తెలియదని యూచిన్ అయిదు రోజులుగా నమ్ముతోంది.

రెండు కుందేలు పిల్లలు, ఊరివాళ్ల మాటలో చెవులపిల్లి పిల్లలు. ఒక్కోటీ అరచేతిలో ఇమిడిపోయేంత. పగలంతా చెరో గుంటలో రాయిలా కదలకుండా పడుంటాయి. తల్లి చీకటి పడ్డాక ఒక్కసారి వచ్చి పాలిచ్చి పోతుంది. హైనాన్ దీవిలో తప్ప భూమ్మీద మరెక్కడా పుట్టని కుందేళ్లు. ఈ పడమటి గట్టు గడ్డిలో కూడా అవి ఎన్ని మిగిలాయో లెక్క చెప్పడానికి చదువుకున్నవాళ్లే నీళ్లు నములుతున్నారు.

యూచిన్ మోకాళ్ల మీద కూర్చుని కొమ్మల సందులోంచి చూసింది. ఒకటి. పక్క గుంటలో రెండోది. చెవులు వీపుకి అంటించుకుని ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది.

ఆమె లేచి తన కెమెరా పెట్టె దగ్గరికి నడిచింది. పది అడుగుల దూరంలో కర్రకి కట్టి ఉంచింది దాన్ని. దాని కంటికి ఎవరో పోకమట్ట తొడిగి, తాడుతో బిగించి కట్టారు.

బీడు అంచుకి వెళ్తే మరొకటి. లావుపాటి టైర్ల అచ్చులు. బండిదారి మీద నుంచి వచ్చి, గడ్డి మొదలయ్యేచోట ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. నిన్నటివే, అంచులు ఇంకా రాలలేదు. బుధవారం ఎవరో బండిలో వచ్చారు. ఏదో చూసుకుని వెళ్లారు.

రక్షిత ప్రాంతపు కంచె ఇక్కడికి అరమైలు తూర్పున ఉంది. అటవీ స్టేషన్ తరఫున కంచె లోపల కాపలా యూచిన్ ఉద్యోగం. కుందేళ్లకి మాత్రం కంచె అంటే లెక్కలేదు. ఎర్రబీడు ఊరి సహకార సంఘానిది. దున్ని డ్రాగన్ పండు తోట వెయ్యాలని సంఘం పెద్ద ఏడాదిగా తహతహలాడుతున్నాడు. శనివారం సర్వే బృందం వస్తుంది. కుందేళ్లు ఇక్కడ కాపురం ఉంటున్నాయని వాళ్లు కళ్లతో చూస్తే బీడు బీడుగానే ఉంటుంది. చూడకపోతే సోమవారం ట్రాక్టరు దిగుతుంది. సంఘం పెద్ద ఆ మేరకు ఒప్పుకుని చెయ్యి కూడా కలిపాడు.

ఈరోజు గురువారం. ఆ రెండు పిల్లలూ ఇంకో రెండు రోజులు బతికుండాలి. ఆమెకి కావలసింది అంతే.

ఆమె మళ్లీ ముడుల దగ్గరికి వచ్చి, ముట్టుకోకుండా, తల వంచి చూసింది. గడ్డి ఎడమవైపుకి మెలితిరిగి ఉంది. రెండు చుట్లు, కొస లోపలికి దోపి ఉంది. ఊళ్లో అందరూ కుడివైపుకి తిప్పుతారు. కుడిచేతి చూపుడువేలు సగం లేనివాడే ఎడమకి తిప్పుతాడు. నాటుతుపాకీ పేలి ఆ వేలు పోగొట్టుకున్నవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు.

ఆమె మేనమామ, ఫు యాక్వాన్.

*

యాక్వాన్‌కి ఇటుకల ఇల్లు ఉంది. అందులో ఆయన పడుకోడానికి తప్ప ఉండడు. పగలంతా వెనకాల పాత గడ్డిపాకలోనే ఉంటాడు. ఆ పాక వెదురుగోడ నిండా దవడ ఎముకలు వరసగా వేలాడుతుంటాయి. అడవిపందులవి, కొండగొర్రెలవి, ఇంకా చిన్నవి. పొగకి నల్లబడి మెరుస్తుంటాయి. తుపాకులు సర్కారు పట్టుకుపోయి ముప్పై ఏళ్లయినా ఎముకలు మాత్రం ఆయన దించలేదు.

యూచిన్ గడప దగ్గరే నిలబడింది. లోపల వల పరిచి ఉంది. వేటవల ఉన్నచోట ఆడవాళ్లు అడుగుపెట్టరు. ముసలాయన కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని వల కన్నాలు అల్లుతున్నాడు.

"ఏమ్మాయ్, పొద్దున్నే సర్కారు చొక్కా తొడుక్కొచ్చావ్. నన్ను చూడ్డానికా, నా గోడ చూడ్డానికా?"

"నిన్నే మామయ్యా. గోడ పాతదేగా."

"నేనూ పాతవాణ్ణే." ఆయన బుగ్గలో వక్క అటునుంచి ఇటు మార్చాడు. "కొత్త ఎముకేమైనా చేరిందేమోనని లెక్కపెడుతున్నావు. పెట్టుకో. నలభై మూడు. నీ చిన్నప్పుడూ నలభై మూడే."

యూచిన్ అప్పటికే లెక్కపెట్టింది. నలభై మూడే ఉన్నాయి.

"ఈమధ్య ఎర్రబీడు వైపు వెళ్లావా?"

"నా కాళ్లు నన్నడిగి పోతున్నాయా? ఆవు ఎటు పోతే అటు."

"నీ ఆవుని పోయిన సంతలో అమ్మేశావు కదా."

ముసలాయన తాడు పళ్లతో కొరికి, చివర తుంపి ఉమ్మేశాడు. "అందుకే. అలవాటు కొద్దీ పోతున్నాయి పాపం, కాళ్లు."

"వల ఎందుకు బాగుచేస్తున్నావ్?"

"చిరిగింది గనక. మీ స్టేషన్లో చిరిగినవి అలాగే తొడుక్కుంటారేంటి?"

"మామయ్యా, చెవులపిల్లి తోలు ఇంట్లో దొరికినా జైల్లో పెడతారు. తెలుసుగా నీకు."

"నువ్వే చెప్పావు. గోడకంటించిన కాగితమూ చెప్పింది. స్టేషన్ వాళ్లు మైకులో కూడా చెప్పి పోయారు." తల ఎత్తి ఆమెని చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు. "ఎవరైనా దాని మీద కన్నేశారా?"

ప్రశ్న ఆమె అడగాల్సింది, ఆయన అడిగాడు. వేటగాడు పోటీ వేటగాడి ఆరా తీసినట్టు వినిపించింది ఆమెకి.

"దేని మీద?" అంది.

"ఏమో. నువ్వేగా ఎత్తావు మాట," అని ముసలాయన మళ్లీ వల మీదికి వంగాడు.

ఏరు పొంగినరోజు ఆ వీపు మీదే ఆమె బడికి వెళ్లింది. పెళ్లినాడు తల్లి కంటే ముందు దీవించిన చెయ్యి అది. లీ ఇళ్లల్లో మేనమామ మాటకి తండ్రి కూడా ఎదురు చెప్పడు. యూచిన్ గడప దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. ఆయన ఏమీ ఒప్పుకోలేదు, ఏదీ కాదనలేదు కూడా. ఆమెని ఇంటిదాకా తొలుస్తూ వచ్చింది అదే.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మాయ్ చెంగ్‌ఫా హోటల్‌కి వెళ్లింది. చెంగ్‌ఫా ఆమె భర్తకి అన్న. రహదారి పక్కన రేకుల షెడ్డు, ఆరు బల్లలు, మూడు పొయ్యిలు. యూచిన్ భర్త రేవులో పడవ మీద పనికి పోతే నెలకోసారి కూడా రాడు గాని, ఆయన అన్న మాత్రం ఏ రోజు చూసినా అక్కడే, చేతిలో గరిటెతో.

"రా మరదలా. నిన్ను చూస్తే మనుషులే కాదు, నా కుండలు కూడా వణుకుతున్నాయ్."

"కుండల్లో ఏముంది బావగారూ?"

"బాతు. రెండోదాంట్లో పులిసిన కూర. మూడోదాంట్లో వేణ్ణీళ్లు. మూతలు తీసి చూసుకో, మొహమాటపడకు. పోయినసారి పెంపుడు కుందేల్ని నువ్వు తిరగేసి మరగేసి చూశావు చూడు, ఆరోజు నుంచీ జనం దాన్ని అడగడమే మానేశారు."

ఆమె నిజంగానే మూతలు తీసి చూసింది. బాతు. పులిసిన కూర. వేణ్ణీళ్లు.

"బుధవారం మీ బండి ఎర్రబీడు వైపు వెళ్లిందా?"

"నా బండికి మూడే చక్రాలు. ఆ గోతుల్లో దిగితే రెండే మిగుల్తాయి." చెంగ్‌ఫా గరిటె తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "మరదలా, ఒకటి చెప్తాను, నేను చెప్పానని చెప్పకు. మీ మామ వచ్చాడు మొన్న. మంగళవారం. ఎప్పుడూ టీ తాగితే మాట్లాడడు కదా. ఆరోజు వచ్చి కూర్చుని, చెవులపిల్లి కావాలని ఎవరైనా అడుగుతున్నారా అన్నాడు."

"మీరేమన్నారు?"

"పట్నం వాళ్లు ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు మామా, నేను లేదనే చెప్తాను అన్నా. ఎవరెవరు, పేర్లు చెప్పు అన్నాడు. నేనెందుకు చెప్తాను? టీ చల్లారనిచ్చి లేచిపోయాడు."

తిరిగొస్తూ యూచిన్ మెట్ట మీద స్కూటరు ఆపింది. ఆయన ముడి, ఆయన వల, కెమెరాకి గంత, కొనేవాళ్ల కోసం ఆరా. ఇన్ని చాలు. పోలీసుకైతే ఇందులో సగం చాలు.

అప్పుడే ఫోను మోగింది. స్టేషన్ అధికారి చెన్. ఉత్తరాదివాడు, వచ్చి రెండేళ్లే అయింది. మనిషి మంచివాడే గాని ప్రతిదీ కాగితం మీద పెట్టే రకం.

"రేపు తొమ్మిదింటికి వస్తున్నాం. నలుగురు సర్వేవాళ్లు, ఒక అటవీ పోలీసు. అంతా సక్రమంగా ఉందా?"

"పోలీసు ఎందుకు సార్?"

"పక్క ఊళ్లో ఉచ్చులు దొరికాయి. అక్కడ వేటగాళ్లు జంతువు దొరికేచోట గడ్డికట్టి గుర్తులు పెడుతున్నారట. అలాంటివి నీ వైపేమైనా కనిపించాయా?"

"లేదు సార్," అంది.

"కనిపిస్తే ఫొటో తీసి పంపు. పెట్టినవాడి పేరు కూడా."

ఫోను పెట్టేశాక ఆమె ముందున్నవి రెండే దారులు. ముడులు ఉంచితే పొద్దున్న తొమ్మిదింటికి మామ చేతికి సంకెళ్లు. ఆ ఎడమ మెలిక ఎవరిదో ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. ముడులు తీసేస్తే, ఊళ్లో ఇంతవరకు ఎవరూ చెయ్యని పని తను చేసినట్టు.

పొద్దు వాలుతుండగా యూచిన్ ఎర్రబీడుకి వెళ్లింది. పిల్లలు రెండూ ఉన్నాయి. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఒక్కొక్క పుల్లనీ పెరికి, గడ్డి విప్పి గాలికి వదిలింది. చేతులు చొక్కాకి తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా చేతులకి ఏదో అంటుకుని ఉన్నట్టే అనిపించింది.

*

శనివారం తెల్లవారుతుండగా ఆమెని లేపింది ఇంజను చప్పుడు.

ఊళ్లో ఆ చప్పుడు చేసేది ఒక్కటే. యూచిన్ చొక్కా గుండీలు పెట్టుకోకుండానే కాపలా కర్ర పట్టుకుని స్కూటరెక్కింది. బీడు చేరేసరికి ఎర్రటి చాళ్లు నాలుగు పడిపోయి ఉన్నాయి. తిరగబడ్డ మట్టి మీద కొంగలు దిగుతున్నాయి. ఊళ్లో కూలికి దున్నే జీ దావెయ్ ట్రాక్టరు అయిదో చాలుకి మళ్లుతోంది. పొద ఇక ఎనభై అడుగుల దూరం.

ఆమె ఎదురెళ్లి నిలబడింది. మెడలో కార్డు పైకెత్తింది. ట్రాక్టరు ఆగింది గాని ఇంజను ఆగలేదు.

"తప్పుకో అక్కా. పొద్దెక్కితే ఈ సీటు మీద చేపల్లా వేగాలి."

"సర్వే అయ్యేదాకా దున్నకూడదు. సోమవారం అన్నాడు పెద్దాయన."

"నీకలా చెప్పాడా? నాకు బుధవారమే దున్నమన్నాడు. సర్వేవాళ్లు వచ్చేసరికి దున్నిన నేలే కనబడాలన్నాడు."

"బుధవారమా?"

"వచ్చాను కూడా. అదుగో, అక్కడిదాకా వచ్చి, ముడులు చూసి తిరిగిపోయా. మీ మామవి. ఎడమ మెలిక. ఇంకొకడి ముడి మీదుగా నాగలి తోలతానా నేను? మా అమ్మ కడుపున పుట్టలేదూ?" దావెయ్ బుగ్గలోని వక్క ఉమ్మేశాడు. "పెద్దాయన తిట్టాడు. గురువారం తిట్టాడు. నిన్న కూడా తిట్టాడు. ముడులున్నాయి, నేను పోను అన్నా. రాత్రి భోజనం ముందు మళ్లీ వచ్చి చూస్తే లేవు. సరే, ముసలాయనది ఏదుందో అది తీసుకుపోయాడు, ఆయన పని అయిపోయింది అనుకున్నా."

టైర్ల అచ్చులు. గడ్డి మొదలయ్యేచోట ఆగి వెనక్కి తిరిగినవి.

మూడు రోజులు ఆ బీడుని కాపాడింది ఆమె కార్డు కాదు. సంఘం పెద్ద కలిపిన చెయ్యీ కాదు. మూడు పుల్లలు. వాటిని పెరికింది ఎవరు? తనే.

"దావెయ్, అక్కడ పొదకింద పిల్లలున్నాయి. చెవులపిల్లి పిల్లలు."

"ఉంటే ఉంటాయి. పారిపోతాయి."

"పారిపోవు. కదలవు. చక్రం మీదికొచ్చినా కదలవు."

దావెయ్ పొద వైపు చూశాడు, చేతిలో ఫోను వైపు చూశాడు. ఫోను అప్పటికే మోగుతోంది. "పెద్దాయన. నాకు ఈ సీజనంతా ఆయన పనే అక్కా. నీ కంచె అటుంది. ఇది ఆయన నేల. నువ్వు చూపించే కార్డు నాకేం తెలుసు? తప్పుకో."

ట్రాక్టరు కదిలింది. మనిషిని తొక్కించేవాడు కాదు. పక్కకి తిప్పుకుని, ఆమెని దాటి, పొదవైపే పోనిచ్చాడు.

యూచిన్ పరుగెత్తింది. పరుగెడుతూనే గడ్డి పీకింది. అరచెయ్యి కోసుకుపోయింది. కాపలా కర్ర చివర గడ్డి చుట్టి, కుడికి తిప్పి, రెండోచుట్టుకి గడ్డి జారిపోతే మళ్లీ తిప్పి, ముడి బిగించి, పొద ముందు నేలలోకి గుచ్చింది.

ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కొంగల అరుపు వినిపించింది.

"ఎవరిదది?" అని అడిగాడు దావెయ్. గొంతు మారింది.

"నాది."

"ఎప్పుడు చూశావ్?"

"ఏడు రోజులైంది. నేను చూశాను. ఇవి నావి."

"మరి మీ మామవి ఏమయ్యాయి?"

ఆ జవాబు ఎవరికి చెప్పుకోవాలో ఆ మనిషి అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నాడు. యాక్వాన్ ఎప్పుడు వచ్చాడో, ఎటునుంచి వచ్చాడో ఇద్దరూ చూడలేదు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, నడుముకి వేటగాళ్లు కట్టుకునే వెదురుబుట్ట. బుట్ట మూతికి ఆకులు కుక్కి ఉన్నాయి.

ముసలాయన ముందు ముడిని చూశాడు. తర్వాత పాత పుల్లలున్న కన్నాలని చూశాడు. ఆఖరికి మేనకోడల్ని చూశాడు.

"మామా, ఈవిడ తనదంటోంది," అన్నాడు దావెయ్. "నీవెవరు పెరికారు?"

"నాకేం తెలుసు," అన్నాడు యాక్వాన్. "గాలి కావచ్చు. ఈమధ్య గాలి సర్కారు చొక్కా తొడుక్కుని తిరుగుతోంది."

*

జీపు చెప్పిన వేళకి గంట ముందే వచ్చింది. దున్నుడు సంగతి ఎవరో చెప్పి ఉంటారు. చెన్ దిగి, నాలుగు చాళ్లనీ, ట్రాక్టరునీ, గడ్డి కట్టిన కర్రనీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. వెనకాల అటవీ పోలీసు, నలుగురు సర్వేవాళ్లు.

"ఈ గుర్తు ఎవరు పెట్టారు?"

దావెయ్ ముసలాయన వైపు చూడబోయి ఆపుకున్నాడు.

"నేనే సార్," అంది యూచిన్.

"ఎందుకు?"

"ట్రాక్టరు ఆపడానికి."

చెన్ దావెయ్ వైపు తిరిగాడు. "ఆమె కార్డు చూపించిందా?"

"చూపించిందండీ."

"దానికి ఆగలేదు. పిడికెడు గడ్డికి ఆగావా?"

"అది గడ్డి కాదు కదండీ," అన్నాడు దావెయ్, అంతకంటే ఎలా చెప్పాలో తెలియక.

సర్వేవాళ్లు చేతులకి తొడుగులు వేసుకుని పొదలోకి వంగారు. పెంటికలు దొరికాయి. కొరికిన గడ్డికాడలు దొరికాయి. వాళ్లలో ఒకమ్మాయి ఊపిరి బిగబట్టి వేలు చూపించింది. పిల్ల ఒకటి, గుంటలో, చెవులు వీపుకి అంటించుకుని.

"రెండున్నాయన్నావు," అన్నాడు చెన్.

రెండో గుంట ఖాళీగా ఉంది. అడుగున గడ్డి అణిగి ఉంది. యూచిన్ వేలు పెట్టి చూసింది. వెచ్చదనం లేదు. పోయి చాలాసేపయింది.

ఆమె తల ఎత్తింది. మామ గట్టు మీద నుంచి కదల్లేదు. నడుముకున్న బుట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతుల మధ్య ఆకులు ఒక్కసారి పైకి ఉబికి మళ్లీ దిగాయి.

నిన్నటి అనుమానం మొత్తం తిరిగి వచ్చింది. అటవీ పోలీసు ముసలాయనకి మూడడుగుల దూరంలో నీళ్ల సీసా మూత తిప్పుకుంటున్నాడు. చెన్‌కి గాని, పోలీసుకి గాని లీ మాట ఒక్కటీ రాదు.

ఆమె ఏదో ఇంటి సంగతి అడుగుతున్నంత మామూలుగా, తమ మాటలోనే అడిగింది. "మామయ్యా, బుట్టలో ఏంటి?"

"తమలపాకులు."

"కదులుతున్నాయి."

"తాజావి."

దావెయ్ ఉన్నట్టుండి ట్రాక్టరు టైరు మీదికి వంగి ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"ఎండెక్కుతోంది," అంది యూచిన్. "వాడిపోతాయి. ఆ గట్టు వెనక గడ్డిలో మంచి నీడ ఉంది. అక్కడ పెట్టి రా. ఇప్పుడే."

ముసలాయన ఆమెని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో ఒప్పుకోలు లేదు, తప్పు చేసిన బెదురూ లేదు. బేరం తేల్చుకుంటున్నవాడిలా నిదానంగా చూశాడు. ఆ తర్వాత ఒంటికి పోవాలన్నట్టు చెన్‌కి చెయ్యి చూపించి గట్టు వెనక్కి దిగాడు. యూచిన్ మనసులో అంకెలు లెక్కపెట్టింది. అరవై రెండు దగ్గర ఆయన తిరిగి కనిపించాడు. బుట్ట మూతికి ఆకులు లేవు.

"సార్," అంది ఆమె, "పిల్లలు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి. గట్టు అవతల కూడా చూద్దాం."

కాసేపటికి అవతలినుంచి ఆ సర్వే అమ్మాయి గొంతు సన్నగా వినిపించింది. దొరికింది. బతికే ఉంది. తొడుగులు వేసుకున్న చేతులతోనే దాన్ని తెచ్చి మళ్లీ గుంటలో పెట్టింది.

*

చెన్ ఆ మధ్యాహ్నమే కాగితాలు పంపించాడు. ఎర్రబీడులో నాగలి దిగకూడదని సాయంత్రానికి హుకుం వచ్చింది. సంఘం పెద్ద ట్రాక్టరు నడిపేవాడి మీద అరిచాడు గాని గడ్డిముడి దాటనందుకు ఊళ్లో ఎవరూ దావెయ్‌ని ఒక్క మాట అనలేదు.

పొద్దు వాలకముందే యూచిన్ ఒక జాడీ కొండవరి సారా మోసుకెళ్లి గడ్డిపాక గడప మీద పెట్టింది. ఒకరి ముడి పెరికితే పందీ సారా తప్పు చెల్లించాలి.

"పందేదీ?" అన్నాడు యాక్వాన్.

"తెస్తాను."

"వద్దులే. నాకు పళ్లెక్కడున్నాయి." జాడీ లోపలికి లాక్కుని, సన్నటి వెదురుగొట్టం దోపి ఒక గుక్క పీల్చాడు.

"బుట్టలో ఎందుకు పెట్టుకున్నావ్ మామయ్యా?"

"ట్రాక్టరు చప్పుడు విన్నాను. నీకంటే ముందే వెళ్లాను. ఒకటి చేతికి దొరికింది. రెండోదానికి వంగేలోపు నువ్వొచ్చావు."

"కెమెరాకి మట్ట ఎందుకు కట్టావ్?"

"చీకట్లో దాని కన్ను ఎర్రగా మెరుస్తోంది. రెండు రాత్రులు తల్లి రాలేదు. పిల్లలు ఎండిపోతున్నాయి."

"చెంగ్‌ఫా బావని ఎవరెవరు అడుగుతున్నారని ఎందుకు ఆరా తీశావ్?"

"ఎవరు అడుగుతున్నారో తెలిస్తే ఎవరిమీద కన్నేసి ఉంచాలో తెలుస్తుందని."

అన్నిటికీ జవాబులు ఉన్నాయి. అన్నీ సరిగ్గానే అతికాయి. అంత సరిగ్గా అతకడమే ఆమెకి నచ్చలేదు.

"మరి వల?"

ముసలాయన ఇంకో గుక్క పీల్చాడు. గోడ మీద ఎముకల వైపు చూశాడు. "ముప్పై ఏళ్లయింది నేనేదైనా ముందు చూసి," అన్నాడు. "ముడి వేస్తుంటే వేళ్లకి గుర్తుంది. అవి పెద్దవైతే ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు. అడక్కు."

ఆ ఒక్క జవాబునే ఆమె నమ్మింది.

మర్నాడు తెల్లవారగానే ఎర్రబీడుకి వెళ్తే, గట్టు మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. వల లేదు, బుట్ట లేదు. యూచిన్ పొద దగ్గర వంగి లెక్కపెట్టింది. రెండు. లేచి చూస్తే ఆయన ఆమెనే చూస్తున్నాడు.

"నన్నేం చూస్తున్నావ్ మామయ్యా?"

"ముడి ఇప్పుడు నీది కదా," అన్నాడు యాక్వాన్. "ఎన్నున్నాయి?"

"రెండు."

"పక్కకి జరుగు. నేనూ లెక్కపెడతాను."